గ్యాలన్ అంటే ఎంత? ఇంగ్లీషు రాతల్లోకి మీటరు, కిలో ఎందుకొచ్చాయి?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. గ్యాలన్ అంటే ఎన్ని లీటర్లు?

కొందరు 3.785 అంటారు. అది అమెరికా గ్యాలన్. బ్రిటన్ గ్యాలన్ అయితే 4.546 లీటర్లు. టన్ను కూడా అంతే: అమెరికాలో 907 కిలోలు, బ్రిటన్‌లో పాత లెక్క ప్రకారం 1016 కిలోలు. భాష ఒకటే, మాట ఒకటే, కొలతలు మాత్రం రెండు! మరి ఇంగ్లీషులో రాసింది ప్రపంచమంతా చదివితే, ఎవరు ఏమనుకోవాలి?

మనకీ ఈ తలనొప్పి ఉండేది. మన తాతల కాలంలో శేరు, మానిక లాంటివి ప్రాంతాన్ని బట్టి మారిపోయేవి. 1956లో కేంద్రం చట్టం చేసి, మెల్లగా దేశమంతటినీ మెట్రిక్‌లోకి తెచ్చింది.

ఇంగ్లీషు దేశాలకీ చివరికి మీటరే దిక్కయింది. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజం అంటే 0.9144 మీటర్లు అని ఒప్పుకున్నాయి. అంటే మీ ఫోన్ స్క్రీన్‌ని కొలిచే అంగుళానికి కూడా నిర్వచనం 25.4 మిల్లీమీటర్లే. ఆ మరుసటి ఏడాదే, 1960లో, ఎస్ఐ పద్ధతి వచ్చింది. ఇప్పుడు సైన్స్ పత్రికలు ఎక్కువగా వాడేది అదే.

సరే, వాడకపోతే ఏమవుతుంది అంటారా? వినండి.

1983 జూలై 23. ఎయిర్ కెనడా 143 విమానం, బోయింగ్ 767. మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి వెళ్ళాలి. అప్పుడే ఆ దేశం మెట్రిక్‌కి మారుతోంది. ఆ సంస్థలో కిలోల లెక్కతో వచ్చిన మొదటి రకం విమానం ఇదే. ఇంధనం చూపించే మీటరు పనిచేయట్లేదు కాబట్టి చేత్తో లెక్క వేశారు. కావాల్సింది 22,300 కిలోలు. ట్యాంకులో ఉన్న 7,682 లీటర్లని 1.77తో గుణించారు. కానీ 1.77 అనేది లీటరుకి పౌండ్లు! కిలోలైతే సుమారు 0.8 రావాలి. అలా సగానికన్నా తక్కువ ఇంధనంతో విమానం ఎగిరింది.

41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. లోపల 69 మంది. కెప్టెన్ బాబ్ పియర్సన్ ఆ విమానాన్ని గ్లైడర్‌లా నడిపి, గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరంలో దించాడు. ఆ రోజు అక్కడ కార్ల రేసులు జరుగుతున్నాయి! అయినా ఒక్క ప్రాణం కూడా పోలేదు.

1999లో నాసాకి ఆ అదృష్టం దక్కలేదు. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కి లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ పౌండ్లలో అంకెలిచ్చింది, అందుకున్నవాళ్ళు న్యూటన్లనుకున్నారు. నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్ళి నాశనమైంది. విచిత్రం ఏంటంటే, మెట్రిక్ వాడాలని పత్రాల్లో ముందే రాసి ఉంది!

ఇక్కడ తప్పు పౌండుది కాదు ఫ్రెండ్స్. అంకె పక్కన ఏ కొలతో ఇద్దరూ ఒకేలా అర్థం చేసుకోకపోవడమే తప్పు. రేపు మీరు ఇంగ్లీషులో ప్రాజెక్ట్ రిపోర్టో, రీసెర్చ్ పేపరో రాస్తే, చదివేవాడు ఏ దేశంలో ఉన్నాడో మీకు తెలీదు. మెట్రిక్‌లో రాయండి, యూనిట్ తప్పకుండా పెట్టండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా ఏ పాత కొలతలు వాడుతున్నారో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.