ఏడాదితో ముగిసిన దస్త్రం: తెలుగు పట్టణాల స్థానిక కేబుల్ చానెళ్ళ చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు టెలివిజన్ చరిత్రను సాధారణంగా దూరదర్శన్ హైదరాబాదు కేంద్రంతో మొదలుపెట్టి, 1995లో ఆరంభమైన జెమిని, ఈటీవీల మీదుగా నేటి వార్తా చానెళ్ళ వరకు వివరిస్తారు. పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు సొంతంగా నడిపిన స్థానిక చానెళ్ళకు ఈ క్రమంలో చోటు దక్కలేదు. వాటి చరిత్రకు ఆధారాలు ఎందుకు కరవయ్యాయో చట్టాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నేపథ్యం

1991లో గల్ఫ్ యుద్ధాన్ని సి.ఎన్.ఎన్. ప్రసారం చేయడం, అదే ఏడాది స్టార్ టీవీ రావడం దేశంలో కేబుల్ వ్యాప్తికి ఊతమిచ్చాయి. మేడపై డిష్ యాంటెన్నా, గదిలో వీడియో క్యాసెట్ ప్లేయరు, స్తంభం నుంచి స్తంభానికి లాగిన తీగ ఉంటే చిన్న పెట్టుబడిదారుకు ప్రసార కేంద్రం సిద్ధమైనట్లే. ఆపరేటరు తనకోసం ఉంచుకున్న చానెల్‌లో సినిమాలు, ఊరి దుకాణాల ప్రకటనలు, ఉత్సవాలు, సభలు ప్రసారమయ్యేవి.

రెండు చట్టాలు

1994 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1995లో చట్టమైన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ శాసనం ఈ వ్యవస్థకు తొలి చట్టబద్ధ రూపమిచ్చింది. 2025 వరకు ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు కావలసి ఉండేది. దూరదర్శన్ ప్రసారాలను తప్పనిసరిగా అందించాలి. చట్టంలోని 10వ సెక్షను ప్రకారం ప్రసారమైన కార్యక్రమాల సంక్షిప్త వివరాలతో రిజిస్టరు నిర్వహించాలి. దానిని ప్రసారానంతరం ఒక్క ఏడాది భద్రపరిస్తే చాలు. కార్యక్రమాల ప్రతులను ఏ గ్రంథాలయానికీ అప్పగించాలన్న నియమం అందులో లేదు.

ముద్రణ విషయంలో పరిస్థితి వేరు. 1867 నాటి చట్టం అచ్చైన ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి అందజేయాలన్నది. మద్రాసు ప్రెసిడెన్సీ పుస్తకాల త్రైమాసిక పట్టికలు దాని ఫలితమే. 1954 చట్టం ప్రచురణకర్తలు జాతీయ గ్రంథాలయానికి ప్రతులు పంపాలని నిర్దేశించింది. వలస ప్రభుత్వం నిఘా కోసం చేసిన శాసనం సాహిత్య చరిత్రకు ఆధారాలు మిగల్చగా, స్వతంత్ర భారతంలోని నియంత్రణ శాసనం అటువంటి అవకాశం కల్పించకపోవడం గమనార్హం.

సాహిత్య పరిశోధనకు నష్టం

ఉపగ్రహ చానెల్ ప్రేక్షకులు అనేక ప్రాంతాలవారు. అందువల్ల అది అందరికీ పరిచితమైన భాషవైపు మొగ్గింది. స్థానిక చానెల్ ప్రేక్షకులు ఒకే ఊరివారు. అక్కడి ప్రకటనల్లో, వ్యాఖ్యానాల్లో ఆ ఊరి పలుకుబడి వినిపించే అవకాశం ఎక్కువ. 1990ల పట్టణ మాండలికాలను, స్థానిక సాహిత్య సభలను అధ్యయనం చేసేవారికి ఆ క్యాసెట్లు ప్రాథమిక ఆధారాలు. అయితే క్యాసెట్టుపై మళ్ళీ రికార్డు చేయడం తేలిక. దాచడం ఖర్చుతో కూడిన పని.

2011 సవరణతో డిజిటల్ విధానం అనివార్యమైంది. హైదరాబాదు, విశాఖపట్నాలకు 2013 మార్చి 31 గడువుగా నిర్ణయించారు. కొత్త పరికరాల వ్యయం చిన్న ఆపరేటర్లను పెద్ద పంపిణీ సంస్థలపై ఆధారపడేలా చేసింది.

ముగింపు

ప్రభుత్వ దస్త్రాల్లో దొరకని ఈ చరిత్రను ఆపరేటర్ల జ్ఞాపకాల నుంచి, ప్రకటనల బిల్లుల నుంచి, వీడియోగ్రాఫర్ల ఇళ్ళలో మిగిలిన క్యాసెట్ల నుంచి సేకరించాలి. అయస్కాంత టేపు కాలక్రమంలో క్షీణిస్తుంది కనుక తెలుగు శాఖలు వ్రాతప్రతుల సేకరణతోపాటు ఈ పనినీ వెంటనే చేపట్టడం అవసరం.