వాయిద్యంలో బ్యాటరీ: ఒక చిన్న చరిత్ర

పెన్షనర్ల ప్రత్యేక సంచికలో ఎలక్ట్రిక్ గిటారు గురించి వ్యాసమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి రాయడానికి నాకంటె తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా రెవిన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏ విషయమైనా పాత కాగితాలు తిరగేస్తే తప్ప మనసొప్పదు. మా ఇబ్రహీంపట్నం ఇంట్లో ఇంజనీరింగు చదివే మనవడు పాత టేకు తలుపు చెక్కతో గిటారు చేసుకుని, అందులో బ్యాటరీతో పనిచేసే పికప్పులు బిగిస్తానన్నప్పుడు కూడా అదే చేశాను.

నన్ను పురికొల్పింది మాత్రం నాకంటె రెండేళ్ళు సీనియరైన ఒక సహోద్యోగి మాట. ఆయన త్యాగరాజ కీర్తనలు శ్రద్ధగా పాడతారు. "గుండెకు పేస్‌మేకర్ పెట్టారంటే అర్థముంది గానీ, వాయిద్యానికి బ్యాటరీ ఏమిటండీ? కరెంటు సంగీతం మన సంగీతమవుతుందా?" అన్నారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. రెంటికీ చరిత్రలో జవాబుంది.

మొదట గిటారుకు కరెంటు ఎందుకొచ్చిందో చూద్దాం. 1920లలో అమెరికాలో నాట్యశాలల బ్యాండ్లు పెద్దవయ్యాయి. ట్రంపెట్లు, డ్రమ్ముల నడుమ పాపం గిటారు వాయించేవాడి వేళ్ళు కదలడం కనబడేది గాని శబ్దం వినబడేది కాదు. మైకు దగ్గర పెడితే పక్కవాడి బాకా ముందు పలికేది. 1931లో జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే ఇద్దరు కలిసి అల్యూమినియంతో ఒక గిటారు చేయించారు. గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి పిడి. జనం దానికి "వేపుడు పెనం" అని పేరు పెట్టారు. దాని తంతుల చుట్టూ గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాలు, కింద సన్నని రాగితీగ చుట్ట ఉండేవి. ఉక్కు తంతి కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. ఆ కదలికకు తీగచుట్టలో అతి చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన డైనమోలన్నీ దాని సంతానమే. ఈ పికప్పుకు పేటెంటు 1937లో వచ్చింది.

తరువాతి కథ త్వరగా చెబుతాను. డొల్ల పెట్టె గిటారుకు పికప్పు పెట్టి స్పీకరు ముందు నిలబడితే, స్పీకరు శబ్దానికి పెట్టె మళ్ళీ కంపించి పెళ్ళిపందిట్లో మైకు కూసినట్టు కూసేది. అందుచేత గట్టి చెక్కకే తంతులు బిగించడం మొదలైంది. లియో ఫెండర్ 1950లో అలాంటి గిటార్లను అమ్మకానికి పెట్టాడు. ఇంట్లో తలుపు చెక్కతో గిటారు చేయడం సాధ్యమయ్యేది కూడా ఇందువల్లనే. వీణ కుండలాగా తొలిచే నేర్పు అక్కర్లేదు. తీగచుట్ట పక్కనున్న కరెంటు తీగల గుయ్‌మనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది గనుక, 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ రొద తగ్గించే పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేశాడు.

ఇక మిగిలిన లోపాన్ని రెవిన్యూ శాఖవారికి చెరువు భాషలో చెబితే తేలిక. తూము దగ్గర నీళ్ళు వదులుతాం. మట్టి కాలువలో ఇంకినంత ఇంకి, చివరి మడి రైతుకు చేరేది సగమే. మామూలు పికప్పులో వేల చుట్లుంటాయి. దాని నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది, పైగా దారిలో అడ్డంకిని తట్టుకోలేనిది. గిటారు నుంచి ఆంప్లిఫయరు దాకా పోయే పొడుగాటి వైరు దారిలోనే పైస్థాయి నాదాన్ని మింగేస్తుంది. వైరు ఎంత పొడుగైతే పలుకు అంత మొద్దుబారుతుంది.

దీనికి విరుగుడు తూము దగ్గరే మోటారు పెట్టడం. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1950లలో జేబు రేడియోలు వచ్చాయి. వాటితోపాటే మనందరికీ తెలిసిన చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ వచ్చింది. 1976లో కాలిఫోర్నియాలో రాబ్ టర్నర్ ప్రారంభించి, తరువాత ఈఎంజీగా పేరుపొందిన సంస్థ పికప్పులోపలే చిన్న ఆంప్లిఫయరును పెట్టి ముద్దగా మూసేసింది. చుట్లు తక్కువ, రొద తక్కువ, బయటికొచ్చే సంకేతం మాత్రం గట్టిది. వైరు ఎంత పొడుగున్నా పలుకు చెడదు. యాక్టివ్ పికప్పు అంటే ఇంతే. బ్యాటరీ సంగీతం వాయించదు. వేలు చేసిన పని దారిలో పోకుండా చూస్తుంది.

రెండవ ప్రశ్న మన సంగీతం సంగతి. ఫిడేలును మన కచేరీకి తెచ్చినది ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. అది సీమనుంచి వచ్చిన వాయిద్యమే. అయినా ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో దాన్ని విన్నవారెవరూ పరాయిదనలేదు. హార్మోనియంను 1940లో ఆకాశవాణి నిషేధించింది. ఆ ఉత్తర్వు సడలడానికి 1971 దాకా పట్టింది. ఉత్తర్వుల ఆయుర్దాయం మనకు తెలియనిది కాదు! ఆ ముప్పై ఏళ్ళూ జనం భజనల్లో, నాటకాల్లో హార్మోనియం వాయించడం మానలేదు.

అయితే మా సీనియరుగారికి నేను చెప్పిన అసలు జవాబు పాలకొల్లు. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రిగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు పాటను వాయిద్యంపై దించేవాడు. అంటే గొంతులోని గమకం తంతిమీదికి రావాలి. మామూలు మాండలిన్‌లో అక్కడే చిక్కు. తంతులు జంటలు జంటలుగా ఉంటాయి. రెంటినీ కలిపి పక్కకు లాగితే శ్రుతి సరిగా కలవదు. పైగా మీటిన శబ్దం టక్కున ఆగిపోతుంది. శ్రీనివాస్ గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంటలు తీసేసి ఒంటి తంతులు వేసుకున్నాడు. చివరికి వాటిని అయిదు చేశాడు. పికప్పు పుణ్యమా అని మీటిన స్వరం నిలిచింది. నిలిచింది గనుక గమకం పలికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో పెద్దల ముందు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఆ వాయిద్యంలో బ్యాటరీ ఉందా లేదా అన్నది కాదు నా వాదన. త్యాగరాజ కృతికి అయస్కాంతం, రాగితీగ అడ్డురాలేదన్నదే. మా సీనియరుగారు ఆయన రికార్డు పూర్తిగా విని, "కల్యాణి బాగుంది" అని మాత్రం అన్నారు. అంతకంటె ఎక్కువ ఆయన నుంచి రాబట్టలేం.

ఇక మా ఇంటి గిటారు. మొదట వాడు మామూలు పికప్పులే పెట్టాడు. ఒకరోజు "తాతా, తంతులు ముట్టుకుంటే జిల్లుమంటున్నది" అన్నాడు. టెస్టరు పెడితే తంతిమీద బల్బు వెలిగింది. మామూలు గిటారులో రొద తగ్గడానికి తంతులు ఆనే బ్రిడ్జి నుంచి ఒక వైరును ఆంప్లిఫయరు ఎర్త్‌కు కలుపుతారు. వాయించేవాడి చెయ్యి నేరుగా ఆంప్లిఫయరు ఒంటికి కట్టేసినట్టే. గోడలో ఎర్త్ సరిగా ఉంటే ఇది క్షేమం. లేకపోతే? 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారు కళాకారుడు వేదికమీద ఎర్త్ లేని మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా గోడలోని మూడు పిన్నుల బోర్డు విప్పి చూస్తే, పై రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు వైరింగు చేసినతను బోర్డు మాత్రం బిగించి డబ్బు తీసుకుపోయాడు. మన కాలనీల్లో చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి. గిటారు లేకపోయినా ఫ్రిజ్జు, గీజరు ఉంటాయిగదా. మిత్రులు ఒకసారి విప్పించి చూసుకోవాలని నా మనవి.

యాక్టివ్ పికప్పులకు నేను ఒప్పుకున్నది ఇందుకే. వాటిలో రొదను లోపలే అడ్డుకుంటారు గనుక, తంతులకు ఎర్త్ వైరు అక్కర్లేదని, తీసేయమని తయారీదారులే చెబుతారు. పికప్పులు బయటినుంచి తెప్పించాం. జాక్, బ్యాటరీ క్లిప్పు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాం. వెనక వైపు బ్యాటరీకి గది తొలచడానికి మా వీధి వడ్రంగి అరపూట ఉలి పట్టాడు. పాత టేకు ఇనుములా ఉందని విసుక్కున్నాడు. వాల్యూం కంట్రోళ్ళు పాతవి పనికిరావు. 250 లేదా 500 కిలో ఓమ్‌ల చోట 25 కిలో ఓమ్‌లవి వేయాలి. మరో తమాషా జాక్‌లో ఉంది. రెండు పలకల మోనో జాక్ కాక మూడు పలకల స్టీరియో జాక్ వేస్తారు. వైరు గుచ్చగానే మూడో పలక ద్వారా బ్యాటరీ చుట్టు పూర్తవుతుంది. తీస్తే తెగిపోతుంది. వేరే స్విచ్చు లేదు. వైరు గుచ్చి మరచిపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తీసిపెడితే నెలల తరబడి వస్తుంది. టంకం మా మనవడే వేశాడు. తంతుల ఎర్త్ వైరు నా కళ్ళముందే కత్తిరించాడు.

అయినా జాక్ చుట్టూ లోహం, ఆంప్లిఫయరు మీది మరలు చేతికి తగలక మానవు. పికప్పు మారితే గోడ బాగుపడదు. అందుకని పెరట్లో గుంత తవ్వించి, ఇనుప పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేయించి బోర్డుదాకా వైరు లాగించాను. ఎండాకాలంలో అందులో రోజూ ఒక బిందె నీళ్ళు పోయడం నా పని. ఇప్పుడు టెస్టరు తంతిమీద పెట్టినా, ఆంప్లిఫయరుమీద పెట్టినా వెలగదు. బ్యాటరీ మార్చిన తేదీ రాయడానికి గిటారు వెనక ఒక కాగితం అతికించాను. కాలమ్స్ గీసి, క్రమసంఖ్య వేశాను. ఇప్పటికి ఒక్క పద్దే పడింది.