కణత్వచ రవాణా – నోటి ద్వారా కలరా చికిత్స: ఒక చారిత్రక పరిశీలన

జీవకణాన్ని ఆవరించి ఉండే త్వచం పదార్థాల రాకపోకలను నియంత్రిస్తుంది. నీరు ద్రవాభిసరణ వల్ల గాఢత ఎక్కువగా ఉన్న ద్రావణం వైపు ప్రయాణిస్తుంది. సోడియం, గ్లూకోజ్ వంటివి కణంలోకి చేరాలంటే త్వచంలోని ప్రత్యేక ప్రోటీన్లు అవసరం. ఈ సూత్రం కలరా చికిత్సకు ఆధారమైన క్రమం ఇరవయ్యో శతాబ్ది వైద్యచరిత్రలో ఒక ప్రధాన ఘట్టం.

1959లో కలకత్తాలో శంభునాథ్ దే, కలరా బాక్టీరియాను వడకట్టి తొలగించిన ద్రవం కూడా కుందేలు పేగులో నీరు చేరేలా చేస్తుందని నిరూపించారు. వ్యాధికి కారణం బాక్టీరియా విడుదల చేసే విషమని దీనితో స్పష్టమైంది. ఆ విషం ప్రభావంతో పేగు కణాల నుండి క్లోరైడ్ అయాన్లు ఎడతెగక వెలువడతాయి. వాటి వెంట సోడియం, నీరు బయటికి పోతాయి. రోగి కొన్ని గంటల్లోనే నిర్జలీకరణతో మరణించే ప్రమాదం ఏర్పడుతుంది.

1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్, పేగు కణాల్లోకి గ్లూకోజ్ సోడియంతో జతగా ప్రవేశిస్తుందని ప్రతిపాదించారు. కణంలో సోడియం గాఢతను తక్కువగా ఉంచే పంపును అంతకు మూడేళ్ల ముందే, 1957లో, యెన్స్ స్కౌ గుర్తించారు. కలరా విషం ఈ జంట ప్రవేశమార్గాన్ని మూసివేయదు. అందువల్ల ఉప్పుతో పాటు గ్లూకోజ్ తాగించితే సోడియం లోనికి చేరుతుంది, దాని వెంట నీరూ చేరుతుంది. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ ఈ ద్రావణంతో సెలైన్ అవసరాన్ని బాగా తగ్గించవచ్చని రోగులపై నిరూపించారు.

అయినా వైద్యలోకం సందేహం వీడలేదు. నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఈ చికిత్స సాధ్యమా అన్నది ప్రశ్న. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థుల మధ్య కలరా వ్యాపించి, సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు దీనికి సమాధానం దొరికింది. దిలీప్ మహలనబిస్ బృందం లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి ఇచ్చింది. దానిని రోగులకు తాగించినవారు చాలావరకు వారి బంధువులే. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఈ బృందం చికిత్స పొందినవారిలో 3.6 శాతానికి తగ్గాయి.

కణస్థాయి సూత్రం ఒక్కటే ఈ మార్పును తేలేదు. ఆ సూత్రాన్ని రోగి తల్లి చేతిలోని గిన్నెకు అప్పగించవచ్చునన్న నమ్మకం కుదరడానికి క్రేన్ ప్రతిపాదన తరువాత పదేళ్లకు పైగా పట్టింది.