లగుంద్రి కెరటం: పటంలో లేని మనుషులు

ఇండోనేషియా 1992లో విడుదల చేసిన వెయ్యి రుపియాల నోటు వెనకవైపు ఒక యువకుడు గాలిలో ఉంటాడు. అతని కింద మనిషి కంటే ఎత్తైన రాతి కట్టడం, సుమారు రెండు మీటర్లు. పరుగెత్తుకొచ్చి దాన్ని ఒక్క ఉదుటున దాటి అవతల కాళ్ల మీద దిగాలి. సుమత్రా పక్కనున్న నియాస్ దీవి దక్షిణాన ఉన్న పల్లెల్లో కుర్రాడు మగవాడయ్యాడని ఒప్పుకోవడానికి అదే పరీక్ష. శత్రువుల ఊరి ప్రాకారాలు దూకడానికి పూర్వం యోధులు ఇలాగే సాధన చేసేవారని అక్కడివాళ్లు చెబుతారు.

ఇలా రాయి దూకడానికి పేరుపడ్డ ఊరు బావొమతలువొ. పొడవైన రాతి మెట్లు ఎక్కితే కొండ మీద రాళ్లు పరచిన వీధి, ఇరువైపులా చెక్క ఇళ్లు, నడుమ 20 మీటర్లకు పైగా ఎత్తున్న దొర ఇల్లు. 1863లో డచ్చి సైన్యం ఒరహిలి అనే ఊరిని తగలబెడితే, మిగిలినవాళ్లు కొండెక్కి ఈ ఊరు కట్టుకున్నారు. అక్కడి నుంచి చూస్తే దూరాన హిందూ మహాసముద్రం కనిపిస్తుంది. ఆ తీరంలోనే లగుంద్రి అఖాతం ఉంది. సర్ఫింగ్ చేసేవాళ్లు ప్రపంచంలోని మేలైన కుడివైపు కెరటాల్లో ఒకటిగా లెక్కించేది అక్కడిదే.

సర్ఫింగ్ పుస్తకాల ప్రకారం ఆ కెరటం 1975లో ‘దొరికింది’. కనిపెట్టినవాళ్లు ముగ్గురు ఆస్ట్రేలియన్లు: కెవిన్ లొవెట్, జాన్ గీసెల్, పీటర్ ట్రాయ్. తరాల తరబడి మనుషులు రోజూ చూస్తున్న నీళ్ల గురించి ఈ మాట ఎలా చెల్లింది? ఆనాటి ప్రయాణాలు ఎలా సిద్ధమయ్యేవో చూస్తే జవాబు చాలావరకు అందులోనే ఉంటుంది.

అప్పటికి ఇండోనేషియాలో సర్ఫింగ్ కొత్తది కాదు. 1936లోనే రాబర్ట్ కోక్ అనే అమెరికన్ బాలిలోని కుటా ఒడ్డున హోటల్ పెట్టి అలల పలకలు తెప్పించాడు. ఆ తరువాత యుద్ధం వచ్చి ఆ ముచ్చట ఆగిపోయింది. 1966లో థియేటర్లకు వచ్చిన ‘ది ఎండ్‌లెస్ సమ్మర్’ సినిమా ఇద్దరు కాలిఫోర్నియా కుర్రాళ్లు కెరటాల కోసం ప్రపంచం చుట్టడాన్ని చూపించింది. దాంతో పలక చంకన పెట్టుకుని ఊరు కాని ఊరు పోవడం ఒక తరానికి కలగా మారింది. 1971లో బాలి కొండచరియ కింద ఉలువాతు కెరటం మీదికి సినిమా బృందంతో వచ్చినవాళ్లు దిగారు. ఆ మరుసటి ఏడే జావా తూర్పు కొసన అడవి అంచున ఉన్న గ్రజగన్ వంతు. బాలిలో జనం పెరిగేకొద్దీ కొందరి చూపు ఇంకా పడమరకు, సుమత్రా వైపుకు మళ్లింది.

ఇంటర్నెట్ లేని రోజుల్లో ప్రయాణానికి ముందు చేసే పని ఎక్కువగా ఓడల చార్టుల మీదే సాగేది. నావికులు నీటి లోతులు చూసుకునే ఆ కాగితాల్లో సర్ఫర్లు వెతికేది వేరు. తీరం ఏ దిక్కుకు తెరుచుకుంది, లోతు ఎక్కడ ఉన్నట్టుండి తగ్గింది, పగడపు దిబ్బ ఒడ్డుకు ఏటవాలుగా ఉందా, అఖాతం మూతి ఎటు ఉంది అన్నవి. దాని వెనక ఉన్న శాస్త్రం కష్టమైందేమీ కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దక్షిణార్ధగోళంలో చలికాలపు తుపానులు 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర సముద్రాన్ని మథిస్తాయి. అక్కడ పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణిస్తూ దారిలో చిల్లర అలలను వదిలించుకుని బారులు తీరుతాయి. అలకూ అలకూ మధ్య ఎడం 15 సెకన్ల దాకా సాగుతుంది. దక్షిణానికి, పడమరకు తెరుచుకున్న తీరమైతే అవి నేరుగా వచ్చి తాకుతాయి. లగుంద్రిలో అవి అఖాతపు మూల చుట్టూ వంగి దిబ్బ మీద ఒక కొస నుంచి వరుసగా విరుగుతాయి. నేల మీది నుంచి గాలి వీచే ఉదయాల్లో కెరటం గోడలా నిలబడుతుంది. దిబ్బలో సహజంగా ఏర్పడ్డ ఒక సందు గుండా నీళ్లలోకి దిగితే, పెద్ద కెరటాల రోజున కూడా అవి విరిగే చోటుకు తేలిగ్గా చేరవచ్చు.

ఇవన్నీ చార్టులు చూసి ఊహించవచ్చు. చార్టు మీద లేనివి మనుషులు, దోమలు.

ట్రాయ్ ఈ రకం ప్రయాణాల్లో ఆరితేరినవాడు. 1962లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్‌లో మొదటి సర్ఫింగ్ పోటీ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకడు. 1964లో బ్రెజిల్ వెళ్లి రియో కుర్రాళ్లకు కొత్త తరం పలకలతో ఆట చూపించాడు. అలాంటి అనుభవం ఉన్న బృందాన్ని కూడా నియాస్ వదల్లేదు. లొవెట్, గీసెల్ ఇద్దరికీ మలేరియా పట్టుకుంది. దానితో ఒళ్లు గుల్లైన గీసెల్ కొద్ది నెలలకే న్యుమోనియాతో చనిపోయాడు. కొబ్బరిచెట్లు, నీలి నీళ్లు, ఒడ్డున ఒక్క మనిషీ లేని కెరటం అంటూ తరువాత ఎన్నో పత్రికలు నియాస్‌ను వర్ణించాయి. ఆ వర్ణనలన్నిటి కంటే ముందు చెప్పవలసింది ఈ యువకుడి చావు. ఆ దీవి తల్లులకు ఆ జ్వరం కొత్త కాదు, ఏటా పిల్లలను పోగొట్టుకుంటూ దానితోనే బతికారు.

ఇక మనుషుల సంగతి. ఆ ముగ్గురూ వచ్చేనాటికి ఆ దీవిలో చర్చి వెలిసి 100 ఏళ్లు దాటింది. జర్మన్ మిషనరీ డెన్నింగర్ 1865లోనే గునుంగ్‌సితొలి రేవులో దిగాడు. అంతకు ముందు శతాబ్దాల్లో బానిసల వ్యాపారులు ఇక్కడి జనాన్ని పట్టుకుపోయేవారు. దక్షిణాన ఊళ్లు కొండల మీద ఉండటానికి యుద్ధాలు ఒక కారణం. భూకంపాలను, ఉప్పెనలను ఎరిగిన తీరం కూడా ఇది. 1861 ఫిబ్రవరిలో వచ్చిన మహా భూకంపం ఇందుకు ఒక ఉదాహరణ. ఇంత గతం ఉన్న నేలను ‘కన్నెదీవి’ అనడం అన్యాయం.

కొన్నేళ్లు గుట్టుగా ఉన్న కబురు మెల్లగా పాకింది. పత్రికలు ఫోటోలు వేసి ఊరి పేరు దాచే రోజులవి. అయినా నోటిమాట ఆగదు కదా. లగుంద్రిలో, పక్కనున్న సొరకె ఒడ్డున ఊరివాళ్లు చెక్కతో, ఆకులతో బసలు కట్టి అద్దెకిచ్చారు. వంట వాళ్లదే, పడవ వాళ్లదే. విరిగిపోయాయని అతిథులు వదిలేసిన పలకలతో పిల్లలు ఆట నేర్చారు. రెండు తరాలు గడిచేసరికి ఆ కెరటం మీద అందరికంటే బాగా నిలబడేవాళ్లు ఆ ఊరి పిల్లలే అయ్యారు. ఈ చరిత్రలో అన్నిటికంటే సంతోషం కలిగించేది అదే. సుమత్రా పక్కనే ఉన్న మెంతవై దీవుల్లో 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతి వేరు. అక్కడ సర్ఫర్లు పెద్ద పడవల్లోనే తిని, పడుకుని, కెరటం నుంచి కెరటానికి సాగిపోయేవారు. వాళ్లు పెట్టిన డబ్బులో ఒడ్డు చేరింది తక్కువ.

2005 మార్చి 28 రాత్రి 8.6 తీవ్రతతో భూమి కంపించింది. 2004 నాటి సునామీ వచ్చి అప్పటికి మూడు నెలలే. గునుంగ్‌సితొలిలో కాంక్రీటు భవనాలు కుప్పకూలాయి, దీవిలో వందల మంది చనిపోయారు. వాలు స్తంభాల మీద మేకులు లేకుండా నిలబెట్టిన పాత చెక్క ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి. పడమటి తీరం కొన్నిచోట్ల దాదాపు 3 మీటర్లు పైకి లేచింది. ఒకప్పటి పగడాలు నీళ్లు లేక తెల్లబడి చచ్చిపోయాయి, ఆ పగడాల్నే కొలిచి శాస్త్రవేత్తలు భూమి ఎంత లేచిందో తేల్చారు. లగుంద్రిలో దిబ్బ అంతకంటే తక్కువే లేచినా, నీటి లోతు తగ్గి కెరటం మరింత నిటారుగా, బోలుగా విరగడం మొదలైంది. సర్ఫర్లకు అది వరం. అదే రాత్రి ఇల్లూ మనుషులూ పోయిన పక్క ఊళ్ల పేర్లు కూడా ఆ వరం గురించి రాసేటప్పుడు రాయాలి.

ఆ దక్షిణ సముద్రపు అలలు అక్కడితో ఆగవు. ఇంకా ఉత్తరానికి సాగి అండమాన్ దాకా వస్తాయి. 1990ల చివర విదేశీ సర్ఫర్లు థాయిలాండ్ నుంచి పడవలో వచ్చి లిటిల్ అండమాన్ కెరటాలు చూశారు. అండమాన్‌లో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ తీరం మనకు మరీ పరాయిది కాదు. ఇప్పుడు హిందూ మహాసముద్రంలో అల ఎత్తు, దిక్కు, అలల మధ్య ఎడం ఎంతో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందుగానే లెక్కగట్టి ప్రకటిస్తుంది. జాలర్ల భద్రత కోసం వేసే ఆ అంచనాలు సర్ఫర్లకూ పనికొస్తాయి. చార్టుల కాలం వాళ్లు నెలల తరబడి కాచుకున్న సంగతి ఇప్పుడు ఫోన్‌లో నిమిషాల్లో తెలిసిపోతుంది.

లిటిల్ అండమాన్‌కు వెళ్లేవాళ్ల పథకంలో మాత్రం కెరటం కంటే ముందు రాసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ దీవిలో పెద్ద భాగం ఒంగేలు అనే ఆదిమ తెగది. వాళ్లు ఇప్పుడు వంద మందికి కాస్త పైన. 2004 సునామీ నాడు నీటి తీరు గమనించి ఎత్తైన చోటికి వెళ్లి బతికారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం వాళ్ల అడవిలోకీ తీరంలోకీ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, అక్కడ ఎంత మంచి కెరటం విరుగుతున్నా సరే.