పసుపు వైరు పూర్వాపరాలు

పాత కంప్యూటర్ డబ్బా మూత తీస్తే ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై నుంచి రంగురంగుల వైర్లు జడలా వేలాడుతుంటాయి. వాటిలో ఒక పసుపు, రెండు నలుపు, ఒక ఎరుపు కలిసి నాలుగు బెజ్జాల తెల్ల ప్లాస్టిక్ ప్లగ్గులోకి వెళతాయి. కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే ఏడంగుళాల ఎల్‌సీడీ తెర ఎక్కడైనా దొరికితే, దాన్ని ఈ ప్లగ్గుకే తగిలించి వెలిగించొచ్చు. అడాప్టర్‌తో పనే లేదు. కాకపోతే ఒక తిరకాసుంది. తెర నుంచి వచ్చే ఎరుపు వైరును ఇక్కడ ఎరుపుకు కాదు, పసుపుకు కలపాలి. కంప్యూటర్లో ఎరుపంటే 5 వోల్టులు, పసుపంటే 12. కారు సామానుకు కావలసింది ఆ 12.

రోడ్డు మీద తిరిగే బండికీ, బల్ల మీద కూర్చునే యంత్రానికీ ఒకే వోల్టేజీ ఎలా కుదిరింది? రెండూ వేర్వేరు దారుల్లో అక్కడికి చేరాయి. అమెరికన్ కార్లు 1950ల మధ్యలో 6 వోల్టుల బ్యాటరీ వదిలి 12కు మారాయి. రెండేసి వోల్టుల సీసపు గదులు ఆరు వరసగా పెడితే అంతే వస్తుంది. కంప్యూటర్ సంగతి వేరు. చిప్పులకు 5 వోల్టులు చాలు, మోటార్లకు మాత్రం అంతకంటే ఎక్కువ కావాలి. 1976లో షుగార్ట్ కంపెనీ తెచ్చిన ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ డ్రైవు ఎస్‌ఏ-400కు 5, 12 వోల్టులు రెండూ కావాల్సొచ్చాయి. దాని వెనకనున్న నాలుగు పిన్నుల సాకెట్టే తర్వాత హార్డ్ డిస్కులకూ సీడీ డ్రైవులకూ పాకింది. అంటే మన చిన్న తెర కూర్చునేది ఫ్లాపీ మోటారు ఖాళీ చేసిన కుర్చీలోనే.

ఆ ఫ్లాపీ డ్రైవు వచ్చిన మరుసటి ఏడాది, 1977లో, యాపిల్-2 వచ్చింది. అప్పటిదాకా ఇలాంటి చిన్న యంత్రాల్లో బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి, సగం కరెంటు వేడిగా పోయేది. ఫ్యాన్ రొద ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. అటారీ నుంచి వచ్చిన రాడ్ హోల్ట్ స్విచింగ్ పద్ధతిలో 38 వాట్ల సప్లై చేసిచ్చాడు. కరెంటును సెకనుకు వేలసార్లు వేసి ఆర్పి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తోనే పని కానివ్వడం అందులో కిటుకు. ఆ డిజైన్‌నే అందరూ కాపీ కొట్టారని జాబ్స్ తర్వాత చెప్పుకున్నాడు. హోల్ట్ పనితనానికి వంక పెట్టలేం గానీ, ఆ మాట నిలవదు. 1960ల్లోనే ఉపగ్రహాల్లో స్విచింగ్ సప్లైలున్నాయి. రాబర్ట్ బోషర్ట్ 1970ల్లో ప్రింటర్ల కోసం అలాంటివి చేసి అమ్మాడు కూడా.

1981 ఐబీఎం పీసీలోని సప్లై 63.5 వాట్లు. 5 వోల్టుల మీద 7 ఆంపియర్లు, 12 మీద 2, మిగతాది నెగటివ్ వోల్టుల చిల్లర. సగానికి పైగా శక్తి ఎరుపు వైరులోనే పారేది, పసుపుది డ్రైవుల మోటార్లు తిప్పే పక్కవాటా. బోర్డుకు కరెంటు రెండు ప్లగ్గుల్లో వెళ్లేది, పీ-8, పీ-9 అని. వాటిని తారుమారుగా గుచ్చితే బోర్డు గోవిందా. రెండిటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన ఉండాలన్నది నాటి మెకానిక్కులు మొదట నేర్చుకునే సూత్రం.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ తెచ్చాక ఆ బెడద తీరింది. బోర్డుకు ఒకే 20 పిన్నుల ప్లగ్గు, అదీ ఒక్క వైపు నుంచే పడుతుంది. ముందటి బటన్ ఇంటి కరెంటును కోయడం మానేసి, సప్లైకి సైగ మాత్రమే చేస్తుంది. ఆ సైగ మోసేది ఆకుపచ్చ వైరు. అందుకే విడి ఎస్‌ఎంపీఎస్‌తో తెర వెలిగించాలనుకునేవాళ్లు ఆకుపచ్చను ఏదో ఒక నలుపుతో కలుపుతారు, ఫ్యాన్ తిరుగుతుంది. ఊదా వైరులో మాత్రం, మెషీన్ ఆగి ఉన్నా గోడ ప్లగ్గు తీసేదాకా 5 వోల్టులుంటాయి. వైర్లు అతికేముందు ప్లగ్గు పీకమనేది ఇందుకే.

తెర ఒక్కటే తగిలిస్తే పాత సప్లైలు మొరాయిస్తాయి. అవి 5, 12 రెండిటినీ కలిపి అదుపు చేస్తాయి. ఎరుపు మీద బరువు లేకపోతే పసుపులో వోల్టేజీ జారుతుంది. విరుగుడుగా ఎరుపుకూ నలుపుకూ మధ్య 10 ఓమ్‌ల, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ పెడతారు. అర ఆంపియరు తాగి, ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కుతుంది. ఇంతకంటే ముఖ్యమైనది ఫ్యూజు. ఇలాంటి తెరకు సాధారణంగా ఒక ఆంపియరు కూడా అక్కర్లేదు. సప్లై మాత్రం పది ఆంపియర్ల పైన ఇవ్వగలదు. ఫ్యూజు లేకుండా షార్ట్ అయితే సప్లై తెలుసుకుని ఆగేలోపు తెర సన్న వైరు కాలిపోతుంది.

ఇక తెర. 1968లో అమెరికాలో ఆర్‌సీఏకు చెందిన జార్జ్ హైల్‌మైయర్ బృందం చూపిన తొలి ఎల్‌సీడీలకు వోల్టులు ఎక్కువ కావాల్సొచ్చేవి. 1970లో బాసెల్‌లోని హాఫ్‌మన్ లా రోష్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిచ్ ద్రవస్ఫటికాన్ని మెలిపెట్టి కొద్ది వోల్టులతోనే పని కానిచ్చారు. ఆ తర్వాత కరెంటు మింగేది బొమ్మ కాదు, వెనక దీపం. ఎల్‌ఈడీలు రాకముందు అది సన్నని ట్యూబ్‌లైటు. 12 వోల్టులను వందల వోల్టులకు ఎత్తే ఇన్వర్టర్ దానికుండేది.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల కోసం కొనే 16×2 డిస్‌ప్లే ఇంకా తక్కువతో సరిపెట్టుకుంటుంది. హిటాచీ హెచ్‌డీ-44780 చిప్పు బాటలో నడిచే ఆ తెరకు ఎరుపు వైరులోని 5 వోల్టులే ఆహారం. వెలిగి అక్షరాలు రాకపోతే చాలాసార్లు దోషం సప్లైది కాదు, కాంట్రాస్ట్ తిప్పే చిన్న పొటెన్షియోమీటర్‌ది.

పక్కవాటాగా మొదలైన పసుపు ఇప్పుడు పెత్తనం చేస్తోంది. ప్రాసెసర్లు 5 వోల్టుల నుంచి మొయ్యలేనంత కరెంటు అడిగేసరికి, 2000లో పెంటియం-4తో పాటు 12 వోల్టులకు ప్రత్యేకంగా నాలుగు పిన్నుల చదరపు ప్లగ్గు వచ్చింది. ఆపైన గ్రాఫిక్ కార్డులూ అదే బాట పట్టాయి. ఇంటెల్ ఏటీఎక్స్-12-వీఓ ప్రమాణంలోనైతే సప్లై డబ్బా ఇచ్చేది 12 ఒక్కటే, బోర్డు ప్లగ్గుకు పదే పిన్నులు. మిగతా వోల్టులు బోర్డే వండుకుంటుంది. ఆ డబ్బా దొరికిన వారి కారు తెర ఎప్పటిలాగే వెలుగుతుంది. 16×2 వెలగాలంటే మాత్రం 12ను 5కు దించే చిన్న కన్వర్టర్ ముక్క విడిగా కొనుక్కోవాలి.