నీలగిరి, పాలమూరు సీమల్లో వృత్తిరచన: పత్రికా కార్యాలయమే పాఠశాల

వ్రాతను వృత్తిగా నేర్పే చదువు మన తెలుగు శాఖల్లో చర్చకు వచ్చినప్పుడల్లా అది ఆంగ్ల విద్య నుంచి తెచ్చుకున్న అరువనీ, సాహిత్యాధ్యయనానికి పరాయిదనీ వినిపిస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చరిత్ర ఈ అభిప్రాయాన్ని బలపరచదు. ఇక్కడ తెలుగు వృత్తిరచన ఉంది, దానికి శిక్షణా ఉంది. అయితే అది కళాశాల వెలుపల సాగింది. అలా ఎందుకు జరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

నిజాం రాజ్యంలో ప్రతిఫలం దక్కే వ్రాత చాలాకాలం ఫారసీలోనూ, 1880ల తరువాత ఉర్దూలోనూ నడిచింది. అర్జీ, తీర్పు, నివేదిక, ఉత్తర్వు వంటివాటిని వ్రాయగలవాడికే కచేరీలో స్థానం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించడంతో ఈ విభజన విద్యలోనూ స్థిరపడింది. రాయప్రోలు సుబ్బారావు ఆచార్యత్వంలో తెలుగు శాఖ వెలసింది, కాని రాజ్యవ్యవహారపు గద్యం దాని పరిధిలోకి రాలేదు. తెలుగుకు కావ్యమూ వ్యాకరణమూ మిగిలాయి. పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులను పోషించిన మాట నిజమే. ఆస్థానకవిత్వమూ ఒక విధంగా వృత్తిరచనే. కాని దాని పాఠకుడు ప్రభువు, అతని సభ. అపరిచితుడైన పాఠకుడికి అర్థమయ్యేలా వ్రాయవలసిన అవసరం ఆస్థానకవికి కలగలేదు.

ఆ అవసరాన్ని తెచ్చింది పత్రిక. 1913లో మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వెలువడింది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వారపత్రికను ప్రారంభించారు. అదే ఏడాది ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను వెలువరించారు. షబ్నవీసు వారి ఇంటిపేరులోని ‘నవీసు’ ఫారసీలో వ్రాసేవాడని అర్థమిస్తుంది. వ్రాయసపు వృత్తిని ఇంటిపేరులో మోస్తున్న కుటుంబం నుంచి వచ్చిన వ్యక్తి తెలుగు సంపాదకుడు కావడం కేవలం కాకతాళీయం కావచ్చు. అయినా ఫారసీ కలం తెలుగు అచ్చుయంత్రం దగ్గరికి చేరిన మార్పుకు ఇంతకన్నా చక్కని గుర్తు దొరకదు.

శిక్షణ అనదగినది ‘గోలకొండ పత్రిక’తో స్పష్టంగా కనిపిస్తుంది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న ఈ పత్రికను హైదరాబాదులో ప్రారంభించారు. మొదట అది వారానికి రెండుసార్లు వెలువడేది. సంపాదకీయం, వ్యాసం, కథ, విమర్శ, చరిత్ర వంటి ప్రక్రియలన్నింటిలోనూ ఆయన స్వయంగా వ్రాశారు, మారుపేర్లతోనూ వ్రాశారు. దీనిని వ్రాసేవారి కొరతగా చూడవచ్చు. ఒకే విషయాన్ని వేర్వేరు పాఠకుల కోసం వేర్వేరు గొంతులతో చెప్పే అభ్యాసంగానూ చూడవచ్చు. వృత్తిరచనలో మొదటి పాఠం కూడా అదే.

1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’ను ఈ కోణం నుంచి మళ్లీ చదవాలి. తెలంగాణలో కవులు లేరన్న నిందకు 354 మంది కవులతో ఇచ్చిన సమాధానంగానే మన పరిశోధనల్లో అది స్థిరపడింది. ఆ ఆత్మగౌరవ ఘట్టం విలువైనదే. కాని నింద ఎంత ఘాటైనదైనా గ్రంథాన్ని తయారుచేయదు. పద్యాలూ వివరాలూ రాబట్టడం, వచ్చినవాటిని పరిశీలించి ఒక క్రమంలో పెట్టడం, అచ్చుకు సిద్ధం చేయడం అన్నీ కలిసి అది ఒక గ్రంథమైంది. ఈ పనులన్నింటికీ కలిపి పేరు సంపాదకత్వం. ఆ సంచికలోని పద్యాల గుణదోషాలను చర్చించినంతగా దాని నిర్మాణాన్ని మనం చర్చించలేదు. సాహిత్యచరిత్రలో సంపాదకుడి శ్రమకు విడిగా గడి లేకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

విశ్వవిద్యాలయం ఈ విద్యను స్వీకరించినప్పుడు దానికి వేరే ఇల్లు కట్టింది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1908లో మొదలైన పత్రికారచన విద్య 1941లో లాహోరుకూ, 1947లో మద్రాసుకూ, 1954లో ఉస్మానియాకూ వచ్చింది. ఉస్మానియాలో అది తెలుగు శాఖతో సంబంధం లేని ప్రత్యేక శాఖగా నిలిచింది. అంతకు ముందు సంవత్సరమే ప్రతాపరెడ్డి కన్నుమూశారు. 1955లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఫలితంగా ఒకే రచయిత రెండుగా చీలిపోయారు: తెలుగు శాఖకు సాంఘిక చరిత్రకారుడు, పత్రికారచన శాఖకు సంపాదకుడు. సంపాదకీయ గద్యమే సాంఘిక చరిత్ర శైలికి పునాది అనే విషయం ఈ చీలికలో మరుగున పడింది. తరువాతి కాలంలో భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ విలేకరులకు తెలుగు వాక్యం నేర్పింది ఈనాడు పాత్రికేయ పాఠశాలలో. పత్రిక మళ్లీ తన పాఠశాలను తానే పెట్టుకోవలసి వచ్చింది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం పత్రికారచనను తెలుగులో బోధించి ఈ దూరాన్ని కొంత తగ్గించింది.

సాహిత్యశాఖ పని గుమాస్తాలను తయారుచేయడం కాదనే ఆక్షేపణ ఉంది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా శాసనాలు రచించిన శ్రీనాథుడిని పాఠ్యాంశంగా పెట్టుకున్న శాఖ ఈ మాట అనడం కష్టం. దానశాసనంలో సరిహద్దులు తప్పుపడితే భూమి చేతులు మారుతుంది. అటువంటి వ్రాతలో ఉండే బాధ్యతను కవిత్వానికి తక్కువైనదిగా పరిగణించే ఆచారం మనకు ఏ శాస్త్రం నుంచి వచ్చిందో తెలియదు.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ‘నీలగిరి’ వెలువడిన ఊరికి, ప్రతాపరెడ్డి పుట్టిన సీమకు ఇప్పుడు సొంత విశ్వవిద్యాలయాలున్నాయి. ఇక్కడ వృత్తిరచన పత్రాన్ని రూపొందించదలిస్తే నమూనాల కోసం దూరం వెళ్లనవసరం లేదు. ‘గోలకొండ పత్రిక’ సంపాదకీయాన్ని ఒకదాన్ని తీసుకుని, అందులో వార్త ఎక్కడ ముగిసి వాదం ఎక్కడ మొదలైందో గుర్తించమని విద్యార్థిని అడగవచ్చు. ఆ తరువాత అదే విషయాన్ని జిల్లా అధికారికి అర్జీగా, గ్రామసభకు ప్రకటనగా, పరిశోధన పత్రికకు వ్యాసంగా తిరిగి వ్రాయించవచ్చు.