ఎలక్ట్రానిక్ ట్రాక్ క్లీనర్: వైరింగ్ లోపాల నిర్ధారణ

మోడల్ రైల్వేలో 12 వోల్టుల డీసీ కంట్రోలర్‌కూ పట్టాలకూ మధ్య కలిపే పరికరం ఎలక్ట్రానిక్ ట్రాక్ క్లీనర్. బ్రిటన్‌లో రెల్కో, గేజ్‌మాస్టర్ రకాలు ప్రసిద్ధం. పేరు చూసి ఇది పట్టాలు తుడుస్తుందనుకోకూడదు. మురికి వల్ల ఇంజను చక్రానికీ పట్టాకూ సంబంధం తెగినప్పుడు అధిక పౌనఃపున్య విద్యుత్తు పంపి, ఆ పలుచని పొరను ఛేదించి కరెంటుకు దారి చేస్తుంది. సంబంధం కుదరగానే ఊరుకుంటుంది. సర్క్యూట్ తెగిందని తెలిస్తేనే క్లీనర్ పనిచేస్తుంది కాబట్టి లోపాల వేట అక్కడే మొదలవ్వాలి.

రైలు ఆగిపోతే చాలామంది క్లీనర్ పెట్టెనే అనుమానిస్తారు గానీ, తప్పు తరచు బయటే ఉంటుంది. రేడియో, టీవీలకు అంతరాయం కలగకుండా పట్టాలకు కరెంటు అందించే కొన్ని పవర్ క్లిప్పుల్లో కెపాసిటర్ పెడతారు. అది డీసీని ఆపి, అధిక పౌనఃపున్యాన్ని మాత్రం తన గుండా పోనిస్తుంది. దాంతో ఇంజను దాకా చేరేది స్వల్పమే. అదే పట్టాపై బల్బులు వెలిగే బోగీ ఉంటే, ఇంజను నిలిచినా కరెంటు పారుతూనే ఉంటుంది, క్లీనర్‌కు తెగిన సంగతే తెలియదు. క్లీనర్‌పై సూచిక దీపం వెలిగింది గనుక వైరింగ్ సవ్యమేనని కొందరంటారు. ఆ వాదన నిలవదు: పట్టాలకు వెళ్లే తీగ ఊడినా, పట్టాలపై ఇంజనే లేకపోయినా అది వెలుగుతుంది. మామూలు మల్టీమీటరూ ఈ పౌనఃపున్యాన్ని నమ్మకంగా చూపదు. కాబట్టి లేఅవుట్‌ను విడదీసి, కెపాసిటర్ లేని ఒకే పట్టా ముక్కపై పరీక్షించాలి. అక్కడ పనిచేస్తే ఒక్కో సెక్షన్ కలుపుతూ పోవాలి. ఎండిన రంగు, జిగురు మాత్రం చేత్తో గీకాల్సిందే. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) లేఅవుట్‌కు ఈ క్లీనర్‌ను కలపనే కూడదు, ఇంజన్లలోని డీకోడర్లు పాడవుతాయి.